మేతభూములు – ఆకాశచ్ఛాయాచిత్రములు

(కడియమున జరిగిన యాదవ కులసంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

ఉపాధ్యాయవృత్తిలో బహుకాలము గడిపి విశ్రాంతి గైకొనిన మమ్ము ఈ మహాసభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు కోరిరి. విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాకంటె అనుభవజ్ఞులు ఈ వేదికపై మాటలాడనున్నారు. కావున మేము మఱియొక విషయము నెన్నుకొంటిమి. అది మన మేతభూముల విషయము. ఆ భూములపై ఏ గడ్డి మొలచుచున్నది, ఏ గడ్డి నశించుచున్నది, పచ్చిక యుండిన చోట ఏ ముండ్లకంప పెరుగుచున్నది అను సంగతులను ఆకాశము నుండి తీసిన ఛాయాచిత్రముల వలన ఎట్లు తెలిసికొనవచ్చునో, ఆ తెలివి మనకు నేడేల యవసరమో విన్నవింప దలచితిమి.

సంస్కృతము చదువుకొన్న పంతులునకు విమానములతోను కెమెరాలతోను పనియేమి యని కొందఱు నవ్వుకొందురేమో. దానికి సమాధానము ఒక్క మాటలోనే యున్నది. సంస్కృతమున పచ్చికబయలునకు 'గోచరము' అని పేరు. గోవులు చరించు చోటు గనుక గోచరము. ఆ మాటయే క్రమముగా ఇంద్రియములకు అందునది, కంటికి కనబడునది అను నర్థమును పొందినది. మన భాషలో ఒక వస్తువు కనబడినదనుటకు 'గోచరమైనది' అనుచున్నాము గదా! పశువుల మేతభూమికిని, కంటి చూపునకును ఒకే మాట యేర్పడుట మాకు మిక్కిలి వింతగా తోచుచుండెడిది. నేటి శాస్త్రము ఆ రెండర్థములను ఒకచోట చేర్చినది. గోచరమును గోచరము చేయుటయే ఈ విద్య.

మన పూర్వులు మేతభూమిని తక్కువగా నెంచలేదు. మనుస్మృతి గ్రామము చుట్టును నూఱు ధనువుల మేర నేలను పశువులకై విడువవలెననియు, నగరమునకు దానికి మూడింతలు విడువవలెననియు విధించినది. ధనువనగా నాలుగు మూరలు. నూఱు ధనువులనగా నేటి కొలతలో సుమారు 180 మీటరులు. కౌటిల్యుని అర్థశాస్త్రము సేద్యమునకు పనికిరాని నేలను పశువుల మేతకు కేటాయింపుమని చెప్పి, పచ్చికబయళ్లపై వివీతాధ్యక్షుడను ప్రత్యేకాధికారిని నిలిపినది. హరివంశమునందు మఱియొక ఘట్టము గలదు. శ్రీకృష్ణుడు బలరామునితో, ఈ వ్రజమునందలి అడవి గోపకుల వాడుక వలననే తఱిగిపోయినది, పచ్చికయు కట్టెయు కొఱవడినవి, మనము బృందావనమునకు తరలుట మేలు, అని చెప్పును. పశువులు మేసిన నేలపై చెట్టుచేమలు ఎట్లు మాఱునో ఆ గోపాలుడే గమనించి, దాచక చెప్పినాడు. నాడు తరలిపోవుటకు బృందావన ముండెను. నేడు మనము తరలిపోవుటకు ఏ వనము గలదు? ఉన్న నేలను చూచి, లెక్కించి, కాపాడుకొనుట తప్ప మనకు గత్యంతరము లేదు.

ఇక ఈ కడియము సంగతి చూతము. ఈ ప్రాంతము పచ్చదనమునకు పెట్టినది పేరు. ఇచ్చటను, కడియపులంకలోను ఉన్న మొక్కల తోటల నుండి లారీలతో పూలమొక్కలు, పండ్లమొక్కలు దేశమంతటికిని పోవుచున్నవి. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన ఈ నేలకు కాలువనీరు వచ్చినది. కఱవు పోయి కలిమి కలిగినది. ఆ మేలును మఱచుట కృతఘ్నత. ఐనను కాలువ వచ్చిన చోట బీడు నిలువదు గదా! పల్లము వరిచేనైనది, మెరక తోటయైనది. సార్వా కోసిన పిదప మందలు కట్టుకొనుటకు ఖాళీగా నుండు పొలములలో దాళ్వా గాని, మినుము పెసలు గాని వచ్చినవి. మన మందలకు మిగిలినవి కాలువగట్లు, చెఱువుగర్భములు, రోడ్డు ప్రక్కలు, గోదావరి లంకలు, సముద్రము దాపున మడఅడవుల యంచులు మాత్రమే. ఇంత పచ్చని సీమలో మేకకు ఆకు కొనవలసి వచ్చుట యేమి యని పరదేశి యాశ్చర్యపడును. మనము ఆశ్చర్యపడము, ఏలనన పచ్చదనము వేఱు, మేత వేఱు అని మనకు తెలియును. ఈ భేదమును మీరు మనస్సునందుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాము. మా ఉపన్యాసమున కంతకును ఇదియే మూలము.

ఆకాశము నుండి నేలను ఛాయాచిత్రము తీయుట నేటి పని కాదు. 1858లో నదారు అను ఫ్రెంచివాడు పారిసు నగర సమీపమున బెలూను నెక్కి మొదట అట్టి చిత్రమును తీసెను. విమానములు వచ్చిన పిదప ఆ పని సులభమైనది. 1924లోనే బర్మాదేశమున ఐరావతీ నది డెల్టాలోని అడవులను విమానముల నుండి చిత్రించి, ఏ జాతి చెట్లు ఎచ్చట నున్నవో పటములు వ్రాసిరి. మన గోదావరి జిల్లాల నుండి ఎందఱో కాకినాడ రేవున ఓడ యెక్కి రంగూనుకు కూలికి పోయిన దినములవి. ఆ డెల్టాయును మన డెల్టా వంటిదే. బురద, ఏటిపాయలు, ఆటుపోటులు, మడచెట్లు గలది. కాలినడకను దుర్గమమైన అట్టి నేలకు ఆకాశమార్గమే తగినదని నాడే తేలినది.

ఆ చిత్రమును తీయు విధమును కొంచెము వివరింతుము. విమానము అడుగున కెమెరాను నిట్టనిలువుగా క్రిందికి చూచునట్లు బిగింతురు. విమానము నాగటిచాలు వలె తిన్నగా పోవుచు, మరల త్రిప్పుకొని ప్రక్కచాలున వచ్చుచుండును. ఒక చిత్రమునకును దాని తరువాతి చిత్రమునకును నూటికి 60 పాళ్లు ఒకే నేల పడునట్లు చూతురు. ఏలనన మన రెండు కన్నులు ఒకే వస్తువును రెండు చోట్ల నుండి చూచుట వలన మనకు లోతు తెలియుచున్నది. అట్లే ఒకే నేలను రెండు చోట్ల నుండి తీసిన రెండు చిత్రములను తగిన కటకముల క్రింద నుంచి చూచినచో, గట్టు గట్టుగాను, గుంట గుంటగాను, చెట్టు నేలనుండి లేచినట్లును కనబడును. దానివలన చెట్ల యెత్తును సైతము కొలువవచ్చును.

కొలత సంగతియు కష్టమైనది కాదు. కెమెరాలోని కటకపు నాభ్యంతరమును విమానపు టెత్తుతో భాగించిన యెడల చిత్రపు కొలత వచ్చును. 152 మిల్లీమీటరుల కటకముతో 1,520 మీటరుల యెత్తున నుండి తీసినచో, చిత్రమున ఒక మిల్లీమీటరు నేలపై 10 మీటరులగును. 23 సెంటీమీటరుల చదరపు చిత్రమున 2.3 కిలోమీటరుల పొడవు, అంతే వెడల్పు గల నేల యిముడును. ఒక చిన్న గ్రామపు పొలిమేర యంతయు ఒక్క కాగితముపై పడునన్నమాట. గ్రామకరణము నెలల తరబడి గొలుసు లాగించి వ్రాసిన పటమును ఈ కాగితముతో సరిచూడవచ్చును.

ఇందు గడ్డిని ఎట్లు గుర్తింతురని మీరడుగవచ్చును. రంగు, నునుపుదనము, ఆకారము, నీడ, పరిసరము అను వానిని బట్టి గుర్తింతురు. పచ్చికబయలు చిత్రమున నున్నని గుడ్డ వలె నుండును. తుమ్మకంప చుక్కలు చుక్కలుగా, చుక్క ప్రక్క నీడతో కనబడును. కొబ్బరితోట వరుసలు దీరి నక్షత్రముల వలె నుండును. జమ్ము నీటి యొడ్డున ముదురుచాఱగా నుండును. మంద నిత్యము నడచు దారులు సన్నని తెల్లని గీతలుగా ఒక చెఱువును గాని దొడ్డిని గాని చేఱును. నీరు త్రాగు చోటు చుట్టును పచ్చిక యరిగిపోయి తెల్లని వలయ మేర్పడును. ఆ వలయము ఏటేట పెద్దదగుచున్నచో నేలకు మించిన మంద మేయుచున్నదని గ్రహింపవలెను.

కంటికి కనబడు వెలుగే గాక కంటి కందని వెలుగును కూడ ఫిలిము పట్టగలదు. ఆకులోని పత్రహరితము ఎఱ్ఱని కిరణములను తన యాహారము వండుకొనుటకై పీల్చుకొనును. దానికి ఆవలనున్న పరారుణ కిరణములను ఆకు తిరుగగొట్టును. ఆకు ఎంత యారోగ్యముగా, ఎంత దట్టముగా నున్నచో అంత ఎక్కువగా తిరుగగొట్టును. ఎండిన గడ్డికి, వట్టి నేలకు ఈ గుణము లేదు. కావున పరారుణ ఫిలిముపై పచ్చని మొక్క ఎఱ్ఱగా పడును. ఎఱుపు ముదిరిన చోట మొక్క బలిసియున్నది. ఎఱుపు వెలిసిన చోట మొక్క నీరసించినది. తిరుగగొట్టిన పరారుణము నుండి ఎఱ్ఱని వెలుగును తీసివేసి, వచ్చిన దానిని ఆ రెంటి మొత్తముతో భాగించి, ఆ భాగఫలమును పచ్చదనమునకు కొలబద్దగా వాడుచున్నారు.

మన దేశమున ఈ విద్యకు నాంది పలికినవారు పిషారటి పండితులు. 1970లో వారు కేరళమున హెలికాప్టరు నుండి పరారుణ ఫిలిముతో కొబ్బరితోటలను చిత్రించి, వేరు తెగులు సోకిన చెట్లను ఆకాశము నుండి గుర్తించిరి. అంతకు ముందే 1966లో డెహ్రాడూనున ఛాయాచిత్రముల నర్థము చేసికొను విద్యకై ఒక సంస్థ నెలకొన్నది. 1974లో మన హైదరాబాదున జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడినది. 1974–75లో మన అనంతపురము జిల్లాను, పంజాబులోని పటియాలా జిల్లాను ఎన్నుకొని, విమానముల నుండి పరారుణ చిత్రములు తీసి, ఏ పంట ఎంత నేలపై నున్నదో లెక్కించు పరీక్ష గావించిరి. వానకు మొగము వాచిన అనంతపురము గొఱ్ఱెల సీమ యని మీకు తెలిసినదే. 1988 మార్చి 17వ తేదీని మన దేశపు తొలి కార్యోపయోగి దూరసంవేదన ఉపగ్రహము పైకి పోయెను. అందలి ఒక కెమెరాకు 72.5 మీటరుల చదరము ఒక్క చుక్క. అనగా ఎకరమునకు పైగా నున్న నేల ఒక్క చుక్కలో నడగిపోవుచుండెను. తరువాత వచ్చిన ఉపగ్రహములలోని కెమెరాకు 5.8 మీటరుల చదరము ఒక చుక్క; ఎకరము నేలకు సుమారు 120 చుక్కలు పడును. ఎకరపు మేతభూమిలో ఏ మూల యెండినదో ఏ మూల పచ్చగా నున్నదో నేడు వేఱుపఱచి చెప్పవచ్చును.

ఒక చిత్రము వలన స్థితి మాత్రమే తెలియును. మార్పు తెలియుటకు అదే నేలను వేర్వేఱు కాలములందు తీసిన రెండు చిత్రములు కావలెను. అందును జాగ్రత్త యవసరము. కార్తికమాసపు చిత్రమును వైశాఖమాసపు చిత్రముతో పోల్చి గడ్డి నశించినదనుట తగదు. వానలు కురిసిన యేటిని కఱవు యేటితో పోల్చుటయు తగదు. అదే ఋతువునందు తీసిన చిత్రములను తీసికొని, వానలెక్కను ప్రక్కన నుంచుకొని, పలు సంవత్సరములు వరుసగా చూచినప్పుడే నిజము తేలును.

ఇట్లు చూచిన వారికి తేలిన సంగతి యొకటి చెప్పెదము. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున హోర్నాడా అను పరిశోధనాక్షేత్రము గలదు. అచ్చటి యొక మేతభూమిని 1937 నుండి విమానచిత్రములలోను, 2003లో ఉపగ్రహచిత్రమునందును పరిశీలించిరి. 1937లో పొదలు నూటికి ఒక పాలు కూడ లేకుండెను. 2003 నాటికి 13 పాళ్లయ్యెను. గడ్డి 18.5 పాళ్ల నుండి 1.9 పాళ్లకు దిగిపోయెను. పచ్చిక పోయి కంప వచ్చినది. ఒక్క మనుష్యుని జీవితకాలములో ఇంత మార్పు జరిగినను, దినదినము చూచువానికి అది తెలియదు. బిడ్డ పెరుగుట తల్లికి తెలియనట్లే నేల మాఱుట కాపరికి తెలియదు. పాత చిత్రము ప్రక్కన క్రొత్త చిత్రము నుంచినప్పుడే గుండె ఝల్లుమనును.

ఇది పరదేశపు కథ యని త్రోసివేయరాదు. మనము సర్కారుతుమ్మ యని పిలుచు ముండ్లచెట్టు మన దేశపుది కాదు. 1877 ప్రాంతమున అమెరికాఖండపు దీవుల నుండి విత్తనములు తెప్పించి, మన కడపజిల్లాలోని కమలాపురము దాపున నాటిరి. వంటచెఱకునకై వచ్చిన చెట్టు బీళ్ల నాక్రమించినది. గుజరాతులోని కచ్చిదేశమున బన్నీ యను విశాలమైన పచ్చికబయలు గలదు. అచ్చటి మాల్ధారులు మనవలెనే పశువులు గాచి జీవించువారు. 1961లో ఉప్పునేల వ్యాప్తి నాపుటకని అచ్చట ఈ తుమ్మను నాటగా, అది పచ్చికను మ్రింగుచు వ్యాపించిన తీరు ఉపగ్రహచిత్రములలో ఏటేట కనబడినది. ఇందు మన పశువుల పాత్రయు లేకపోలేదు. తీయని కాయలను తిని, విత్తనములను పేడతో దూరదూరములకు మోసికొనిపోవునవి అవియే గదా!

మేము ముందు చెప్పిన భేదము ఇచ్చట స్పష్టమగుచున్నది. తుమ్మకంప ఆకాశమునకు పచ్చగా కనబడును. పచ్చదనపు కొలబద్దపై పచ్చికకంటె ఎక్కువ గణనయే దానికి వచ్చును. వేసవిలో గడ్డి యెండినను తుమ్మ పచ్చగానే యుండును. చిత్రమును మాత్రమే చూచిన యధికారి, ఈ భూమి బాగుపడినదని వ్రాయును. కడియపు మొక్కలతోటలను చూచియు అట్లే వ్రాయును. చెఱువుపై గుఱ్ఱపుడెక్క పఱచుకొన్నను, బీటిలో వయ్యారిభామ పూచినను ఆకాశమునకు పచ్చదనమే. ఆ పచ్చలో గరిక యెంత, తుంగ యెంత, లేత రెల్లు ఎంత, పశువు మూతి పెట్టనిది యెంత అని చెప్పగలవా డెవడు? మంద వెంట నడచిన మన గొల్లవాడే. శాస్త్రజ్ఞులు దీనినే క్షేత్రపరిశీలన యందురు. చిత్రమున గుర్తించిన దానిని నేలపై నడచి సరిచూడనిదే ఏ పటమును ప్రమాణము కానేరదు. పుస్తకము చదువని మన తాతలకు ఆ పరిశీలన పుట్టుకతో వచ్చిన విద్య. ఏ గడ్డి ఏ కార్తెలో మొలచునో, ఏ గడ్డి మేసిన పాలు చిక్కనగునో, ఏ ఆకు గొఱ్ఱెకు కడుపుబ్బరము తెచ్చునో వారెఱుగుదురు. ఈ తెలివి లేని చిత్రము గ్రుడ్డిది. ఆ చిత్రము లేని తెలివి న్యాయస్థానమున మూగది.

ఇక మన డెల్టాలో ఈ విద్య చూపిన సంగతులు మూడు చెప్పి, పిదప మన కర్తవ్యమునకు వత్తుము.

మొదటిది లంకలు. గోదావరి వఱద వచ్చినప్పుడెల్ల ఒకచోట లంకను కోసి మఱియొకచోట ఇసుకను మేట వేయును. 1953 నాటి వఱదను పెద్దలు చెప్పగా విన్నాము. 1986 ఆగస్టు వఱదను మనలో పెక్కుమంది కన్నులార చూచినవారే. క్రొత్త మేటపై మొదట రెల్లు మొలచును, తరువాత గరిక యల్లుకొనును. మందలకు మేత దొరకును. ఒండ్రు కొంత పడగానే అరటియు, కూరగాయలును వచ్చును. నది ఇచ్చిన నేల ఎంత, నది కోసిన నేల ఎంత, దున్నిన నేల ఎంత యని చిత్రములు విడదీసి చూపగలవు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూవిజ్ఞానులు విమానచిత్రముల సహాయముననే ఈ డెల్టాలో పూర్వము సముద్రతీర మెచ్చట నుండెనో, నదీపాయ లెచ్చట పాఱెనో గుర్తించిరి.

రెండవది కొల్లేరు. వేసవిలో నీరు తగ్గిన గర్భమున గేదెలు మేయుట అచ్చట పూర్వాచారము. 2001 నాటి ఉపగ్రహచిత్రములను పరిశీలింపగా, అయిదడుగుల మట్టమునకు లోపల నున్న 245 చదరపు కిలోమీటరుల సరస్సులో సుమారు అయిదింట రెండు వంతులు చేపలచెఱువు లాక్రమించినట్లు తేలినది. గట్లు పోసిన చెఱువులు చిత్రమున గళ్లు గళ్లుగా కనబడును. వానిని దాచుట యెవరి వశమును కాదు. 2005–06లో అభయారణ్యపు హద్దులోని చెఱువుగట్లను ప్రభుత్వము త్రెంచివేయుటకు ఇట్టి చిత్రముల సాక్ష్యము తోడ్పడినది.

మూడవది కోరంగి మడఅడవి. 1978లో అది అభయారణ్యమైనది. తీరగ్రామముల గేదెలు మడఆకు మేయుట యందఱెఱిగినదే. అడవిలో ఖాళీలు కనబడగానే, పశువులే కారణమని నిందించుట యధికారులకు వాడుక. ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు 1990 తరువాతి సంవత్సరములలో గోదావరి, కృష్ణా మడఅడవులలో పని చేయుచు, నశించిన చోట్లను చిత్రములలో గుర్తించి, దిగి నేలను పరీక్షించిరి. ఉప్పునీరు పోవుదారి లేక నిలిచి, ఎండకు ఇగిరి, లవణము పేరుకొనుటయు ఒక ముఖ్యకారణమని కనిపెట్టిరి. చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, ఆటుపోటు నీటిని పాఱించి, గ్రామస్థుల తోడ్పాటుతో మడలు నాటగా అవి బ్రతికినవి. దీనివలన తెలియునదేమి? చిత్రము జరిగినదానిని చూపును గాని, ఏల జరిగినదో చెప్పదు. కారణమును నేలపైననే వెదకవలెను. వెదకనిచో నింద బలహీనునిపై పడును.

సోదరులారా! ఇప్పుడు ఈ విషయము నేల ఈ సభకు తెచ్చితిమో చెప్పెదము. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల పునఃసర్వే ఆరంభమైనది. నూఱేండ్ల పిదప గ్రామములపై డ్రోనులు ఎగురుచు, ప్రతి గట్టును చిత్రించుచున్నవి. అదే సంవత్సరము ఏప్రిలు 24న కేంద్రప్రభుత్వము గ్రామములలోని నివేశనస్థలములను డ్రోనులతో చిత్రించు పథకమును మొదలిడినది. సొంత పొలము గలవాడు గట్టుపై నిలిచి, ఇది నాదని చెప్పుకొనును. మేత పోరంబోకు ఎవరిది? ఊరందఱిది. అందఱిదైన దానికి గట్టుపై నిలుచువా డొక్కడును లేడు. మంద మేయు నేల యెండకాలమున వట్టిబీడుగా చిత్రమున పడును. వట్టిబీడు వృథాభూమి యని లెక్కకెక్కును. వృథాభూమి యైనచో ఏదో యొక పనికి ఇచ్చివేయుట సులభము. జాతీయ దూరసంవేదన సంస్థవారు అచ్చొత్తించిన దేశపు వృథాభూముల పటసంపుటములలో క్షీణించిన మేతభూములు ఒక వర్గముగా చేర్చబడియున్నవి. క్షీణించినదనుట యొక సంగతి. వృథా యనుట మఱియొక సంగతి. మన గొఱ్ఱె బ్రతుకుచున్న నేల వృథా యెట్లగును?

చట్టము మనకు ప్రతికూలముగా లేదు. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టము మేతభూములను, కళ్లములను, శ్మశానములను, తోపులను గ్రామపంచాయతీ యధీనము చేసినది. 2011 జనవరి 28న సుప్రీముకోర్టు పంజాబు గ్రామ మొకదాని చెఱువు వ్యాజ్యెమున తీర్పు చెప్పుచు, గ్రామముల ఉమ్మడిభూముల నాక్రమించిన వారిని తొలగించి, ఆ భూములను గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు మరల నప్పగింపవలెనని రాష్ట్రముల నన్నిటిని ఆదేశించినది. తీర్పున్నది, చట్టమున్నది, కొఱవడినది సాక్ష్యము. ఈ భూమి పూర్వము మేతభూమియే, ఇంత విస్తీర్ణము గలదియే, ఇట్టి గడ్డి గలదియే అని చూపు సాక్ష్యమును ఆకాశచిత్రము లీయగలవు. అమెరికావారు 1960 నుండి 1972 వఱకు రహస్యముగా తీసిన ఉపగ్రహచిత్రములు 1995లో బహిరంగమైనవి. మన హైదరాబాదు సంస్థవారి 'భువన్' పటములను 2009 నుండి ఎవరైనను చూడవచ్చును. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము పటములపై నుండిన నిర్బంధములను పెక్కింటిని సడలించినది. తాళము తీసినారు, తలుపు త్రోయవలసినది మనము.

కొందఱు పెద్దలు మాతో నొక యాక్షేపము చేసిరి. ఆ చిత్రములు మన మందల వలన నేల చెడినదని చూపినచో, మన కత్తి మనకే తగులదా? యని. తగులవచ్చును. నేలకు మించిన మందను తోలిన చోట తెల్లని వలయము కనబడకపోదు. ఐనను, మనకనుకూలమైనపుడు సాక్ష్యమును పిలిచి, ప్రతికూలమైనపుడు త్రోసివేయుట ధర్మము కాదు. హరివంశమున శ్రీకృష్ణుడు తన గోపకుల వలననే వనము తఱిగినదని చెప్పుటకు సంకోచింపలేదు. నిజము చెప్పువాని మాటయే రేపు సభలో నిలుచును. చెడిన నేల మనదైనచో బాగుచేయుటయు మన చేతిలోనిదే: బయలును భాగములుగా చేసి, వానలు పడగానే ఒక భాగమునకు విరామ మిచ్చి, గడ్డి గింజ రాలిన పిదప మేపినచో నేల తేఱుకొనును.

కావున ఈ మహాసభవారు ఈ క్రింది విషయములను ఆలోచింపవలెనని కోరుచున్నాము.

ఒకటి: ప్రతి గ్రామశాఖయు తన గ్రామమునందలి మేత పోరంబోకులకు, మందబయళ్లకు పట్టిక వ్రాయవలెను. సర్వే నంబరు, పాత రిజిస్టరులోని విస్తీర్ణము, నేటి విస్తీర్ణము, ఆక్రమణ యున్నచో అది యే రూపమున నున్నది యను వివరములు అందుండవలెను. పునఃసర్వేవారు వచ్చిన దినమున ఆ పట్టికతో ఇద్దఱు పెద్దలు గట్టుపై నిలువవలెను.

రెండు: మంద గాచిన వృద్ధుల నోట గడ్డిపేర్లను, అవి మొలచు కాలమును, చోటును పిల్లలచేత వ్రాయింపవలెను. ఒక్కొక్క గడ్డిని ఎండబెట్టి కాగితముపై నతికించి పేరు వ్రాసియుంచినచో, క్షేత్రపరిశీలనకు వచ్చిన శాస్త్రజ్ఞునకు అంతకంటె విలువైన కానుక లేదు. ఆ వృద్ధులు నేడున్నారు, రేపుందురని చెప్పజాలము.

మూడు: ప్రతి మేతభూమిలో నాలుగు గుఱుతుఱాళ్లు పాతి, ఏటేట కార్తికమున నొకసారి, వైశాఖమున నొకసారి అదే ఱాతి వద్ద నిలిచి అదే దిక్కునకు ఛాయాచిత్రము తీయవలెను. విమాన మక్కఱలేదు, మన పిల్లల చేతిలోని ఫోను చాలును. పదియేండ్లకు అది యొక చరిత్రయగును.

నాలుగు: సంఘపు విద్యానిధి నుండి ఏటేట ఒక బాలునకు, ఒక బాలికకు దూరసంవేదన విద్య చదువుటకు వేతన మీయవలెను. వైద్యులును, న్యాయవాదులును మనలో నున్నారు, సంతోషము. మేతభూమి పటమును చదువగలవారును కావలెను. మంద వెంట నడచిన యింటి బిడ్డ ఆ చిత్రమును చూచినచో, ఇతరులకు వట్టి చుక్కగా తోచునది ఆ బిడ్డకు తుమ్మయో, తుంగయో తెలియును.

మహాశయులారా! భూమి నూఱు మార్పులు చెందును. నది తన దారి మార్చుకొనును. కాలువ వచ్చిన చోట బీడు చేనగును. వీని నాపుట మన తరము కాదు, అన్నిటి నాపవలెననియు మేము చెప్పము. కాని మాఱినదానిని చూడక, లెక్కింపక, ఎవరో వ్రాసిన పటములో మన నేల వృథా యని చదువుకొని నిట్టూర్చుట మాత్రము మన చేతిలోని తప్పు. మంద వెంట నడచు కాలికిని, ఆకాశము నుండి చూచు కంటికిని చెలిమి కుదిరినచో మిగిలిన నేలనైనను మన మనుమలకు మిగిల్చిపోవచ్చును.  గోవులకును, గోపాలకులకును, వారి నేలకును శుభమగుగాక!

ఇతి శివమ్.